మనోవ్యాధుల గురించి పల్లెలో ఏ మాటలతో మాట్లాడాలి?

తుంగభద్ర (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కర్నూలు జిల్లాలో ఆశా కార్యకర్తలకు, పొదుపు సంఘాల మహిళలకు ఆరోగ్య విషయాల మీద శిక్షణ ఇచ్చే ఒక చిన్న బృందంలో నేను పనిచేస్తున్నాను. ఇంతవరకు రక్తహీనత, కాన్పు జాగ్రత్తలు, బిడ్డల టీకాలు వంటి వాటి మీద కరపత్రాలు రాశాము. ఈసారి మానసిక ఆరోగ్యం మీద రాయవలసి వచ్చేసరికి మా బృందంలో పేచీ మొదలైంది. కొందరు డిప్రెషన్, యాంగ్జైటీ అనే ఇంగ్లీషు మాటలనే తెలుగు లిపిలో ఉంచుదామంటున్నారు. ఆ మాటలకు మన దగ్గర ఇంకా చెడ్డపేరు రాలేదనీ, అవి ఎవరినీ నొప్పించవనీ వారి వాదన. మరికొందరు పత్రికల్లో కనబడే కుంగుబాటు, ఆందోళన అనే మాటలే మేలంటున్నారు.

మొదటి ప్రతిని ఒక ఊళ్ళో సంఘం సమావేశంలో చదివి వినిపించాము. 'ఆందోళన ఎక్కువైతే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి' అన్న వాక్యం దగ్గర ఒకావిడ 'ఆందోళన ఎక్కువైతే స్టేషనుకు కదా పట్టుకపోయేది' అనగానే అందరూ నవ్వేశారు. ఆ నవ్వు సద్దుమణిగాక వారే మాట్లాడడం మొదలుపెట్టారు. దిగులు, బేజారు, గుండెదడ, అరికాళ్ళ మంటలు, తెల్లవారుజాము దాకా కునుకు పట్టకపోవడం, పొయ్యి ముందు కూర్చుని ఎసరంతా ఇగిరిపోతున్నా తెలియకపోవడం, ఇలా ఎన్నో చెప్పుకొచ్చారు. మా ప్రతిలో వీటిలో ఒక్కటీ లేదు.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. వారి మాటలనే కరపత్రంలో పెడితే జబ్బును తక్కువ చేసినట్టు, 'అందరికీ ఉండే దిగులే కదా' అని తేల్చేసినట్టు అవుతుందా? ఇక రెండోది కొంచెం పెద్ద ప్రశ్న. కన్నబిడ్డను 'పిచ్చితల్లీ' అని ముద్దు చేసే నోటితోనే జబ్బుపడిన మనిషిని 'పిచ్చిది' అని వెలివేసే సమాజంలో, మాటను మార్చితే చూపు మారుతుందా, లేక చూపు మారేదాకా ఏ మాట తెచ్చినా అదే గతి పడుతుందా? ఈ పనిలో ఉన్నవారు, ఇంట్లో ఈ బాధ ఎరిగినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

వాల్తేరు

తుంగభద్రగారూ, నేను ఉత్తరాంధ్రలో మానసిక వైద్యుడిగా పనిచేస్తున్నాను. మీ మొదటి సందేహానికి నా సమాధానం సూటిగా చెబుతాను: వారి మాటలతోనే మొదలుపెట్టండి.

మా ఓపీకి వచ్చేవారిలో 'నా మనసు బాగోలేదు' అంటూ వచ్చేవారు తక్కువ. నరాల బలహీనత, తల దిమ్ము, కడుపులో మంట, ఒళ్ళు తేలిపోవడం, చేతులు కాళ్ళు లాగెయ్యడం అని వస్తారు. అప్పటికే ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర రెండు సెలైన్లు, కొన్ని బలం సూదులు అయి ఉంటాయి. ఆపైన పట్నంలో స్కానింగు తీయించి, ఏమీ లేదని చెప్పించుకుని మరింత దిగాలుపడి ఉంటారు. చదువుకున్నవారు దీన్ని చూసి, ఈ మనుషులకు మనసు గురించి మాట్లాడడం రాదని, అసలు సంగతి దాస్తున్నారని అనుకుంటారు. నేను ఒప్పుకోను. నిద్ర, ఆకలి, ఒంటి నొప్పి, గుండెదడ అనేవి ఆ జబ్బులో నిజంగానే చెడతాయి. వారు చెబుతున్నది జబ్బు లక్షణాల్లో సగం భాగం, మిగతా సగం ఎవరైనా అడిగితే చెబుతారు. కడుపులో మంటని వచ్చిన ఒక నడివయసు ఆవిడను, ఏం తిన్నావని అడగడం మానేసి, ఇది ఎప్పటి నుంచి అని అడిగితే, 'మా సిన్నోడు సెన్నై ఎల్లిపోయిన కాణ్ణించీ బాబూ' అంది. ఆ తర్వాత నేను పెద్దగా అడగవలసింది ఏమీ లేకపోయింది.

మన పక్క రాష్ట్రంలోనే ఈ విషయం మీద పేరుపొందిన అధ్యయనం జరిగింది. మార్క్ నిక్టర్ అనే మానవశాస్త్రవేత్త దక్షిణ కన్నడ ప్రాంతంలో హవ్యక బ్రాహ్మణ స్త్రీల మధ్య పనిచేసి, ఇంట్లో నోరు విప్పి చెప్పుకోవడానికి వీల్లేని బాధ ఏయే దారుల్లో బయటికి వస్తుందో 1981లో రాశాడు. ఒంటి నొప్పి, ఆచారాల పట్టింపు, తిండి మానడం, పూనకం, ఇవన్నీ బాధను చెప్పుకునే నుడికారాలేనన్నది ఆయన ప్రతిపాదన. అత్తమీద ఫిర్యాదు చేసే కోడలి మాట ఎవరూ వినరు. తల తిరుగుతోందన్న కోడలిని కనీసం కాసేపు పడుకోనిస్తారు. కరపత్రం రాసేవారు ఇది గుర్తుపెట్టుకుంటే, 'ఇవి శరీరానికి సంబంధించినవి కావు, మానసికమైనవి' అనే వాక్యం రాయకుండా ఉంటారు. ఆ వాక్యం చదివిన మనిషికి 'నీది ఉత్తుత్తి జబ్బు' అన్నట్టు వినబడుతుంది.

ఇంకా దూరపు ఉదాహరణ ఒకటి చెబుతాను, ఎందుకంటే అది మీ పనికి అచ్చంగా సరిపోతుంది. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో ఎంబారే అనే పేదల వాడలో ఊరి పెద్దమ్మలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో ఒక బల్ల వేసి, బాధలో ఉన్నవారితో మాట్లాడించడం మొదలుపెట్టాడు. ఆ బల్లకు ఆయన మొదట పెట్టిన పేరులో మానసిక ఆరోగ్యం అనే మాట ఉండేది. ఆ పేరుంటే ఒక్కరూ వచ్చి కూర్చోరని ఆ పెద్దమ్మలే చెప్పి, స్నేహపు బల్లగా మార్పించారు. అక్కడి షోనా భాషలో ఈ స్థితిని 'కుఫుంగిసిస' అంటారు, అంటే అతిగా ఆలోచించడం. పెద్దమ్మలు ఆ మాటనే వాడారు, రోగనిర్ధారణ పేర్లు వాడలేదు. అలాగని పని తేలికగా చేశారనుకోకండి. షోనా భాషలోనే తయారైన 14 ప్రశ్నల పట్టికతో బాధ తీవ్రతను కొలిచేవారు, ఒక పద్ధతి ప్రకారం సమస్యలను ఒక్కొక్కటిగా విడదీయించేవారు, అవసరమైనవారిని పై వైద్యానికి పంపేవారు. 24 కేంద్రాల్లో 573 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. మామూలు వైద్యం పొందినవారికంటే బల్ల దగ్గరికి వచ్చినవారి బాధ ఆరు నెలల తర్వాత స్పష్టంగా తగ్గింది. ఊరి మాట వాడినందుకు జబ్బు తక్కువైపోలేదని చెప్పడానికే ఇదంతా రాశాను.

అయితే ఊరి మాటలన్నీ మంచివేనన్న మురిపెం కూడా వద్దు. మా ప్రాంతంలో ఒకరికి మాటల్లో తేడా వచ్చినా, ఒంటరిగా గొణుక్కుంటున్నా 'చిల్లంగి పెట్టారు' అంటారు, అంటే చేతబడి చేశారని. గాలి సోకిందన్నప్పుడు గాలి మీద నేరం మోపినా నష్టం లేదు. చిల్లంగి అన్న మరుక్షణం దాన్ని పెట్టిన మనిషి కోసం వెతుకులాట మొదలవుతుంది, ఆ నెపంతో మనుషులను కొట్టి చంపిన సంఘటనలు ఏజెన్సీలో జరిగాయి. తెలంగాణలో బాణామతి సంగతీ అంతే. కాబట్టి దిగులు, బెంగ, రంధి, మనాది వంటి మాటలను తలుపులు తెరిచి లోపలికి రానివ్వండి. మరొకరిని దోషిగా నిలబెట్టే మాటలను మాత్రం కరపత్రంలో రానివ్వకండి. అలాగే లేని గొంతులు చెవిలో వినబడడం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారని నమ్మడం, రోజుల తరబడి నిద్రలేకుండా పట్టలేని ఉత్సాహంతో తిరగడం వంటివాటిని దిగులు ఖాతాలో కలపకండి. వాటికి వేరే పేజీ, వేరే తొందర అవసరం.

ఇంకొక్క మాట. వ్యాధి అసలు పేరును కూడా ఒకసారి రాసి ఉంచండి, పెద్దాసుపత్రిలో చీటీ రాయించుకునేటప్పుడు ఆ పేరు వారి నోట రావాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షను ప్రకారం, రోగికి ఇచ్చే సమాచారం ఆ రోగికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రూపంలో ఇవ్వాలి. ఆ హక్కు ఉందని కరపత్రం చివర రెండు వాక్యాల్లో చెప్పండి.

బడిపంతులు

నేను నల్లగొండ జిల్లాలో తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. డాక్టరుగారు పెద్దల గురించి చెప్పారు. ఈ చూపు అలవడేది బడిలోనని నా నమ్మకం, అందుకని రాస్తున్నాను.

మా దగ్గర పిల్లలు ఒకరినొకరు ఆటపట్టించేటప్పుడు 'నిన్ను ఎర్రగడ్డల ఎయ్యాలె' అంటారు. ఆంధ్ర ప్రాంతంలో దీనికి బదులు వైజాగు పంపాలంటారని విన్నాను. మానసిక వైద్యశాల ఉన్న చోటి పేరే తిట్టయిపోయింది. తొమ్మిదో తరగతిలో ఒకడు ఈ మాట అని క్లాసంతా నవ్వినప్పుడు, కిటికీ పక్క బెంచీలో ఒక పిల్లవాడు పెన్ను మూత తీయడం, పెట్టడం, తీయడం, పెట్టడం చేస్తూ తల ఎత్తలేదు. వాడి తల్లికి అక్కడే వైద్యం జరుగుతోందని నాకు తెలుసు, క్లాసులో ఇంకెవరికీ తెలియదు. ఆ పిల్లవాడు రేపు తనకే నిద్ర పట్టని రోజులు వస్తే ఎవరితోనైనా చెబుతాడా?

ఇక చదువు దగ్గరికి వద్దాం. 'మొద్దు', 'మందబుద్ధి' అనే ముద్రలు మనం ఎంత సులువుగా వేస్తామో చెప్పలేను. మన లిపిలో అక్షరమాల 56 అక్షరాలతో అయిపోదు. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిపి పిల్లలు వందల రూపాలు గుర్తుపట్టాలి. కన్నడ లిపి మనదానికి చెల్లెలి వంటిది, ఆ పిల్లల మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధన అక్షరాల మీద పట్టు రావడానికి ప్రాథమిక తరగతుల్లో ఏళ్ళు పడుతుందని చూపింది. కాబట్టి రెండో తరగతిలో ఒత్తు తప్పిన పిల్లవాడికి వెంటనే ఏదో లోపం ఉందనుకోవడం పొరపాటు. ఐదో తరగతికి వచ్చినా 'పుస్తకం' అని రాయమంటే 'పుసతకం' అని రాస్తూ, చదవమంటే ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగిపోతూ, అదే పాఠంలోని కథను నోటితో మాత్రం రసవత్తరంగా చెప్పగలిగే పిల్లవాడుంటే, అప్పుడు వాడిది తెలివితక్కువతనం కాదని, చదివే ప్రక్రియలో ప్రత్యేకమైన ఇబ్బంది ఉందని గుర్తించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఈ ప్రత్యేక అభ్యసన వైకల్యం ఉంది, మానసిక వ్యాధి విడిగా ఉంది, మేధోవైకల్యం విడిగా ఉంది. మన వాడుకలో ఈ మూడూ ఒకే బుట్టలో పడిపోతున్నాయి.

ఇంగ్లీషు మాధ్యమం ఈ చిక్కును ఇంకా పెంచింది. నేను మాధ్యమం మీద వాదానికి దిగడం లేదు, తల్లిదండ్రులు ఇంగ్లీషు చదువు కోరడానికి వారి కారణాలు వారికి ఉన్నాయి. నా మాట ఇంతే: ఇంట్లో వినని భాషలో పాఠం చెప్పినప్పుడు మౌనంగా కూర్చున్న పిల్లవాడికి భాష రాదా, విషయం అర్థం కాలేదా, చదివే ఇబ్బంది ఉందా, లేక ఇంట్లో ఏదో జరిగి మనసు అక్కడ లేదా అన్నది మీకు తెలియదు. నాలుగింటికీ బయట కనబడేది ఒకటే మౌనం. ఆ పిల్లవాడిని పక్కకు పిలిచి ఇంటి భాషలో పది నిమిషాలు మాట్లాడించే పంతులు లేకపోతే నాలుగింటికీ 'మొద్దు' అనే ఒకే పేరు పడుతుంది, కొన్నాళ్ళకు వాడే దాన్ని నమ్ముతాడు.

తుంగభద్రగారూ, వీలైతే మీ కరపత్రంలో బడిపిల్లల కోసం ఒక పేజీ కేటాయించండి. మాటల నిషేధాలు వద్దు, పిల్లలు నిషేధించిన మాటనే ముందు నేర్చుకుంటారు.

డెస్కు మీద నుంచి

నేను ఒక తెలుగు దినపత్రికలో ఉప సంపాదకుడిని. ఇంగ్లీషు మాటలకు ఇంకా చెడ్డపేరు రాలేదని అనుకునేవారికి రెండు మాటలు గుర్తుచేస్తాను: మెంటల్, సైకో. రెండూ ఇంగ్లీషు నుంచి వచ్చినవే. మొదటిది తిట్టయి చాలా కాలమైంది, రెండోది 'సైకో వీరంగం' అనే శీర్షికగా జిల్లా పేజీల్లో స్థిరపడింది. డిప్రెషన్ అనే మాట కూడా సెల్ఫోను పోయినందుకు బాధపడేవారి దాకా వెళ్ళింది. పరాయి మాట కొన్నాళ్ళు శుభ్రంగా ఉంటుందేమో గానీ, అది తిరిగే వీధులు ఇవే కదా.

అసలు నేను చెప్పదలచుకున్నది మా వార్తల్లోని అచ్చు వాక్యాల గురించి. 'కడుపునొప్పి తాళలేక ఆత్మహత్య', 'జీవితంపై విరక్తి చెంది', 'తల్లి మందలించిందని మనస్తాపంతో' అనే వాక్యాలు తెలుగు పాఠకులకు కంఠతా వచ్చు. ఇవి విలేకరులు కల్పించినవి కావు. ఇంటివారు పోలీసులకు చెప్పింది ఫిర్యాదులోకి, అక్కడి నుంచి విలేకరి నోట్సులోకి, అక్కడి నుంచి మా డెస్కుకు వస్తుంది. ఇంటివారు కడుపునొప్పి అని ఎందుకు చెబుతారు? ఒకటి, పరువు. రెండు, చట్టం భయం. ఆత్మహత్యాయత్నం భారత శిక్షాస్మృతి 309వ సెక్షను కింద నేరంగా ఉండేది. ఇంట్లో పెళ్ళికాని చెల్లెలు ఉంటే మానసిక వ్యాధి అని రాయించడానికి ఏ తండ్రికి మనసొప్పుతుంది? 2017 చట్టం 115వ సెక్షను, అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, ప్రభుత్వం సంరక్షణ కల్పించాలని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత నేరం లేదు; ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి ఆత్మహత్యకు ప్రయత్నించడం మాత్రమే నేరంగా మిగిలింది. చట్టం మారింది కానీ కడుపునొప్పి వాక్యం ఇంకా మారలేదు.

ఈ వాక్యాల వల్ల నష్టం ఎక్కడుందంటే, ప్రతి మరణానికీ ఒకే ఒక కారణం ఉన్నట్టు, అది నిన్న జరిగినట్టు పాఠకుడికి తెలియకుండానే నేర్పుతాయి. మందలించిన తల్లి జీవితాంతం ఆ వాక్యాన్ని మోస్తుంది. నెలల తరబడి ఆ పిల్లవాడు అన్నం తినకపోవడం, స్నేహితులను తప్పించుకోవడం, పుస్తకం ముందు ఊరికే కూర్చోవడం ఎవరూ గమనించలేదన్న సంగతి వార్తలో ఎక్కడా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలను ఆధారం చేసుకుని ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2019లో మార్గదర్శకాలు స్వీకరించింది: శీర్షికలో ప్రముఖంగా పెట్టవద్దు, పద్ధతి వివరించవద్దు, చోటు చెప్పవద్దు, సహాయం దొరికే చోటు చెప్పండి అని. నా షిఫ్టులో నేను 'మందలించిందని' అనే మాటను కొట్టేసి 'కారణాలు తెలియరాలేదు' అని రాస్తుంటాను. ఉదయం జిల్లా నుంచి ఫోను వస్తుంది, పోటీ పత్రిక కారణం రాసింది, మనమెందుకు రాయలేదని.

చెల్లెలు

ఇంతమంది అనుభవజ్ఞులు రాశాక నా వంతుగా ఇంటి లోపలి నుంచి కొన్ని సంగతులు చెబుతాను. మా అన్నకు స్కిజోఫ్రెనియా, డాక్టరుగారు పైన చెప్పిన లేని గొంతులు వినబడడం, కుట్రలు జరుగుతున్నాయని నమ్మడం వంటివి ఉండే జబ్బు. చాలా ఏళ్ళుగా మందులు వాడుతున్నాడు, ఉదయం పాలు పోయించుకుని రావడం, మిద్దె మీద మొక్కలకు నీళ్ళు పెట్టడం వాడి పనులు, చదరంగంలో మమ్మల్ని అందరినీ ఓడిస్తాడు. మొదటి కొన్నేళ్ళు వాడి జబ్బు పేరు మాకు ఎవరూ చెప్పలేదు. మొదటి డాక్టరు 'కొంచెం నరాల ఇబ్బంది' అన్నారు, రెండోవారు చీటీ మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు రాశారు. పేరు తెలియకపోవడం వల్ల మేము సుఖపడిందేమీ లేదు. మందులు ఎంతకాలమో తెలియక, నయమైందనుకుని ఆపేసి, మళ్ళీ ఆసుపత్రికి పరిగెత్తడమే మిగిలింది.

అందుకే పేరు మార్చడం ఒట్టి అలంకారమని ఎవరైనా అంటే నాకు జపాను సంగతి గుర్తుకొస్తుంది. అక్కడ ఈ వ్యాధికి ఉన్న పాత పేరుకు మనసు చీలిపోయే వ్యాధి అని అర్థం. రోగుల కుటుంబాల సంఘం 1993లో ఆ పేరు మార్చమని అడిగింది, చాలా చర్చ జరిగాక 2002లో అక్కడి మానసిక వైద్యుల సంఘం సమన్వయం తప్పిన స్థితి అనే అర్థం వచ్చే కొత్త పేరు పెట్టింది. ఆ ఏడాది తమ జబ్బు పేరు డాక్టరు నోట విన్న రోగులు 36.7 శాతం మంది, రెండేళ్ళు తిరిగేసరికి దాదాపు 70 శాతం. చూశారా, మొదట మారింది డాక్టర్లే. పాత పేరును రోగి ముఖం మీద పలకలేక దాచిపెట్టినవారు, కొత్త పేరు దొరికాక చెప్పగలిగారు. దక్షిణ కొరియా, తైవాన్ కూడా తర్వాత తమ భాషల్లో పేర్లు మార్చుకున్నాయి. అలాగని కొత్త పేరుతో పొరుగువారి భయం ఎగిరిపోయిందని నేను అనను. భయం పోవడానికి మా అన్నతో చదరంగం ఆడాలి, దానికి పేరు చాలదు.

మన భాషలో నన్ను ఎక్కువ బాధపెట్టింది పిచ్చి అనే మాట కాదు. మా నాయనమ్మ వాడిని చివరిదాకా 'పిచ్చినాయన' అనే పిలిచింది, ఆ పిలుపులో వాడికి దొరికిన చల్లదనం ఇంకెవరి మర్యాదలోనూ దొరకలేదు. నన్ను బాధపెట్టింది 'పెళ్ళి కుదిరితే పిచ్చి కుదురుతుంది' అనే సామెత. ఆ సామెతలో రెండో సగం ఉంది, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదని. బంధువులకు ఎందుకో మొదటి సగమే గుర్తుంటుంది. 'ఒక పిల్లను తెచ్చి కట్టండి, అదే సర్దుకుంటుంది' అని ఇంటికి వచ్చిన ప్రతి పెద్దమనిషీ చెప్పాడు. అమ్మ మొహమాటపడి కొంత దాకా వెళ్ళింది కూడా. నేను అడ్డుపడ్డాను, ఆ వచ్చే పిల్ల ఎవరింటి ఆడపిల్లో అని. 1955 హిందూ వివాహ చట్టం మతిస్థిమితాన్ని పెళ్ళి షరతుల్లో ఒకటిగా పెట్టింది. 1976లో మూర్ఛవ్యాధిని కూడా అదే వరుసలో చేర్చి, 1999లో ఆ మాట తొలగించారు. చట్టంలో ఒక మాట కొట్టేయడానికి 23 ఏళ్ళు పట్టినప్పుడు, సామెత అంత త్వరగా పోతుందని నేను ఎదురుచూడడం లేదు.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరైనా అడిగితే, నాన్నకు షుగరు ఉంది, అన్నకు స్కిజోఫ్రెనియా ఉంది, ఇద్దరూ రాత్రి భోజనం అయ్యాక మాత్రలు వేసుకుంటారు అని చెబుతాము. 'వాడు ఫలానా రోగి' అని అనము. మీ కరపత్రంలో ఎక్కడైనా 'పిచ్చివారు', 'రోగగ్రస్తులు' అనే బహువచనాలు ఉంటే తీసేయండి. ఇంకొక విన్నపం, బొమ్మలు వేయించేటట్లయితే మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని చీకట్లో కూర్చున్న మనిషి బొమ్మ మాత్రం వద్దు. మందులు వాడుతూ పాలు పోయించుకునే మనిషి బొమ్మ వేయించండి.

తుంగభద్ర

అందరికీ కృతజ్ఞతలు. ఒంటి బాధలతో మొదలుపెట్టి, దోషారోపణ మాటలు తీసేసి, బడి పేజీ చేర్చి మళ్ళీ రాస్తున్నాము. చెల్లెలిగారూ, బొమ్మ సంగతి మా చిత్రకారుడికి ఈ రోజే చెప్పాను. నిజానికి ఆయన గీసింది అచ్చం ఆ మోకాళ్ళ బొమ్మే.

వాల్తేరుగారిని ఇంకొకటి అడగాలి. చనిపోవాలన్న ఆలోచన ఉందా అని అడగడానికి మా ఆశా కార్యకర్తలు జంకుతున్నారు. లేని ఆలోచనను మనమే నోటికి అందించినట్టవుతుందని, శుభమా అని ఇంటికి వెళ్ళి అశుభం పలికినట్టు ఉంటుందని అంటున్నారు. ఈ ప్రశ్నను తెలుగులో ఎలా అడగాలి?

వాల్తేరు

అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఈ విషయంలో మా రంగంలో భిన్నాభిప్రాయం లేదు. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్న ఊరటే కలుగుతుంది. జంకు మాత్రం సహజమే, కాబట్టి మెట్లు మెట్లుగా అడగమనండి. నలుగురిలో వద్దు, అత్తగారి ముందు అసలే వద్దు. పెరట్లోనో, నీళ్ళ దగ్గరో ఒంటరిగా దొరికినప్పుడు ముందు నిద్ర, తిండి గురించి అడిగి, తర్వాత 'ఇంత బాధలో ఒక్కోసారి ఎందుకీ బతుకు అనిపిస్తుందా అమ్మా?' అని అడగాలి. మన ఆడవారు ఈ మాట మామూలుగా కూడా అంటారు కనుక దీనికి ఎవరూ ఉలిక్కిపడరు. అవునంటే అక్కడ ఆగిపోకూడదు. 'చచ్చిపోదామన్న ఆలోచన దాకా వచ్చిందా?' అని, ఔనంటే 'ఎలా అని కూడా అనుకున్నావా? ఈ మధ్య వచ్చిందా?' అని తిన్నగా అడగాలి. ఈ రెండో ప్రశ్నను డొంకతిరుగుడుగా, 'అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా' అని అడిగితే 'లేవు' అనే జవాబే వస్తుంది. ప్రశ్నలోనే జవాబు పెట్టి ఇచ్చినట్టు.

ఔనని చెప్పిన మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఆమె నమ్మే ఒకరిని, అది పుట్టింటివారైనా సంఘం స్నేహితురాలైనా, ఆమె ఒప్పుదలతో పిలిపించాలి. ఇంట్లో, చేనులో పురుగుమందు ఉంటే అది వేరేవారి దగ్గర తాళంలో ఉండేట్టు చూడాలి. పల్లెల్లో ఈ ఒక్క జాగ్రత్త చాలా ప్రాణాలను నిలబెడుతుంది. 'పిల్లల ముఖమైనా చూడు', 'దేవుడిచ్చిన ప్రాణం' వంటి మాటలు అప్పటికి ఆపి, ఆమె చెప్పింది విని, అదే రోజు ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళాలి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళకైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు 10 నుంచి నడుస్తోంది. నంబరు కరపత్రం వెనక అట్ట మీద పెద్ద అంకెల్లో వేయండి, అద్దాలు లేకుండా చదవగలిగేటంత. ప్రతి తయారయ్యాక ఇక్కడ పెడితే నేను చూసి పెడతాను, లేదా వ్యక్తిగత సందేశంలో పంపండి.